పేరు లేని పొడి డబ్బా, దగ్గు సిరప్, పుట్టిన తేదీ: ఈత పోటీలకు వెళ్లే పిల్ల విషయంలో ఏది తప్పు, ఏది కాదు?

బైరాగిపట్టెడ తల్లి (ప్రశ్న)

మాది తిరుపతి. మా అమ్మాయి పదో తరగతి, బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదుతుంది. జిల్లా పోటీల్లో నెగ్గింది. వచ్చే నెల రాష్ట్ర పోటీలున్నాయి. అక్కడ టైమింగ్ బాగా వస్తే జాతీయ పోటీలకు ఎంపిక చేస్తారట. నేను బ్లౌజులు కుట్టే మనిషిని. ఈత రాదు, గట్టు మీద కూర్చుని చూసి నేర్చుకున్నదే నాకు తెలిసింది. ప్రశ్నలు మొరటుగా ఉంటే సర్దుకోండి.

మొదటిది. కోచ్ గారు పెద్ద పిల్లలకు ఒక పొడి ఇస్తున్నారు. ప్రాక్టీసు అయ్యాక అలసట తీరడానికి అంటారు. డబ్బా 2,200 రూపాయలు. మా అమ్మాయికీ ఒకటి ఇచ్చి పంపి, డబ్బు నెలాఖరుకు ఇవ్వమన్నారు. వంటింట్లో లైటు కింద పెట్టి తిప్పి తిప్పి చూశాను. తెల్ల ప్లాస్టిక్ డబ్బా. మూత కింద ఉండాల్సిన వెండి రేకు లేదు. చుట్టూ కాగితం అంటించిన జిగురు మరక ఉంది, కాగితం మాత్రం లేదు. లోపల లేత పసుపు పొడి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు వెనీలా వాసన, ఆ వెనకే బి-కాంప్లెక్స్ మాత్రల వాసన. ఏముంది సార్ ఇందులో అని అడిగితే "విటమిన్లేనమ్మా, అందరికీ కలిపి ఒకేచోట కొంటున్నాం, చవగ్గా పడుతుంది" అన్నారు. లైనింగు బట్ట కొన్నా అంచు మీద మిల్లు పేరు చూసి కొనేదాన్ని. పిల్ల కడుపులోకి పోయేదానికి పేరు అక్కర్లేదా?

రెండోది. క్లోరిన్ ఘాటుకో, తెల్లవారుజామున నీళ్లలో దిగడం వల్లో పిల్లకు దగ్గు పట్టుకుంది. రాత్రయితే ఛాతీలో పిల్లికూతలు. డాక్టరు గారు సిరప్ రాశారు, మరీ ఆయాసపడితే క్లినిక్కుకు తీసుకురండి, మెషీన్ పెడతాం అన్నారు. గట్టు మీద నా పక్కన కూర్చునే ఒక పిల్లవాడి తండ్రి ఆ సీసా చూసి "పోటీల ముందు ఇది తాగించకండి, డోపింగ్ కిందికి వస్తుంది" అన్నారు. దగ్గు మందు డోపింగ్ ఎలా అవుతుంది?

మూడోది అడగడానికే మొహమాటంగా ఉంది. ఆ పెద్దమనిషే ఇంకో మాట చెప్పారు. తమ వాడికి ఏడాదిన్నర వయసు తగ్గించి కొత్త సర్టిఫికెట్ తీయించారట. చిన్న వయసు గ్రూపులో దిగితే పతకం ఖాయమట, అందరూ చేసే పనేనట. దగ్గు మందు విషయంలో అంత నిష్ఠ ఉన్న మనిషి ఈ మాట నవ్వుతూ చెప్పారు!

మా ఆయన "మనమేమన్నా ఒలింపిక్స్‌కు పోతున్నామా, ఎందుకీ రభస" అంటున్నారు. నిజంగా మన స్థాయి పోటీల్లో పరీక్షలు చేస్తారా? చేస్తే పదిహేనేళ్ల పిల్లకు కూడా శిక్ష వేస్తారా? భయపెట్టకుండా, ఏం చేయాలో చెప్పండి.

చిత్తూరు మందుల షాపు

అమ్మా, నాది చిత్తూరు, మందుల షాపు నడుపుతాను. మిగతావి తర్వాత, ముందు సిరప్ సంగతి చూద్దాం. అది ఈ రాత్రికే పనికొస్తుంది.

సీసా వెనక్కి తిప్పండి. పెద్ద అక్షరాల్లో ఉన్న బ్రాండు పేరుతో మనకు పని లేదు. ప్రతి 5 మిల్లీలీటర్లలో ఏమేమి ఉన్నాయో కింద సన్నగా రాసి ఉంటుంది. అందులో టెర్బుటలిన్ అన్న మాట కనిపిస్తే ఆ సీసా పక్కన పెట్టి, డాక్టరు గారికి విషయం చెప్పి వేరేది రాయించుకోండి. మన దగ్గర కఫం కరగడానికి రాసే సిరప్‌లలో బ్రోమ్‌హెక్సిన్, గ్వాయిఫెనెసిన్‌తో పాటు ఇది కలిసి ఉండడం చాలా మామూలు. ఊపిరితిత్తుల్లో బిగుసుకున్న గొట్టాలను వదులు చేస్తుంది. మంచి మందే. కానీ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 'వాడా' జాబితాలో ఇది పోటీ ఉన్నా లేకపోయినా ఏడాది పొడవునా నిషిద్ధం. మీ గట్టు మీది పెద్దమనిషి ఆ ఒక్క విషయంలో సరిగ్గానే చెప్పారు.

అదే పని చేసే ఇంకో మందు సాల్బుటమాల్ కూడా మాత్రగా, సిరప్‌గా తీసుకుంటే నిషిద్ధమే. అదే మందును ఇన్‌హేలర్‌తో పీలిస్తే ఒక హద్దు వరకు అనుమతిస్తారు. 24 గంటల్లో 1,600 మైక్రోగ్రాములు, అందులోనూ ఏ 8 గంటల్లో చూసినా 600 మించకూడదు. మామూలు ఇన్‌హేలర్ ఒక్క నొక్కుకు 100 మైక్రోగ్రాములు వదులుతుంది. అంటే 8 గంటల్లో 6 నొక్కులు. క్లినిక్కులో పెట్టే మెషీన్ నెబ్యులైజర్. అందులో పిండే చిన్న ప్లాస్టిక్ గొట్టంలో మామూలుగా 2.5 మిల్లీగ్రాములు, అంటే 2,500 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. ఒక్కసారి పెడితే హద్దు దాటినట్టే. అలాగని ఆయాసపడుతున్న పిల్లకు పెట్టించకుండా ఉండకండి. ఊపిరి తర్వాతే పతకం. పెట్టించండి, ఏ మందు, ఎంత, ఏ తేదీన అన్నది డాక్టరు గారితో రాయించి సంతకం తీసుకోండి. చికిత్స కోసం వాడినదానికి మినహాయింపు ఇచ్చే పద్ధతి ఉంది, టీయూఈ అంటారు. మన దేశంలో జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ 'నాడా'కు దరఖాస్తు చేయాలి.

మీరు అడగలేదు కానీ ఇంకో రెండు విషయాలు చెప్పాలి, మన వైపు ఇవి మరీ ఎక్కువ. జ్వరమంటే డెక్సా సూది, నీరసమంటే సెలైన్. డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు సూదిగా గానీ మాత్రగా గానీ పోటీ సమయంలో నిషిద్ధం. సెలైన్‌లో మందేమీ లేకపోయినా తప్పే. 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరం ద్వారా ఏది ఎక్కించినా నిబంధన ఉల్లంఘన కిందికే వస్తుంది. ఆసుపత్రిలో నిజమైన చికిత్సలో భాగంగా ఎక్కించినదానికే మినహాయింపు. అమెరికా ఈతగాడు రయన్ లోక్టీ 2018లో విటమిన్ డ్రిప్ పెట్టించుకుని, ఆ ఫొటో తానే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్నాడు. 14 నెలల నిషేధం. నిషిద్ధ పదార్థం ఒక్క చుక్క కూడా లేదు. మన వీధి క్లినిక్కులో వేలాడదీసే సెలైన్ సీసా 500 మిల్లీలీటర్లది!

ఇక పొడి. లేబుల్ చింపిన డబ్బా మా షాపులో దొరికితే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ నా లైసెన్సు మీదికి వస్తాడు. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల ముందు మన ఈతగాళ్లు, మల్లయోధులు కొందరు పట్టుబడింది మిథైల్‌హెక్సానమైన్ అనే ఉత్ప్రేరకంతో. అది ఇలాంటి సప్లిమెంట్లలో దాక్కుని వచ్చే సరుకు. బ్రెజిల్ ఈతగాడు సీజర్ సియెలో 2011లో ఫ్యూరోసెమైడ్ అనే, ఒంట్లో నీరు తీసే మందుతో పట్టుబడి హెచ్చరికతో బయటపడ్డాడంటే, తాను వాడిన కెఫీన్ మాత్రలు తయారైన ఫార్మసీలోనే అది కలిసిందని చూపించగలిగాడు. రేపు అవసరమొస్తే మీరు చూపించడానికి ఏముంది? జిగురు మరక.

ఎం.ఆర్.పల్లి నుంచి ఒకడు

ఇన్ని జాగ్రత్తలూ మనలాంటి వాళ్లకే చెబుతారు. 2021 జనవరిలో చైనా ఈతగాళ్లు 23 మంది ఒకే పోటీలో ట్రైమెటాజిడిన్‌తో దొరికారు. హోటల్ వంటింట్లో కలిసిందని అక్కడి సంస్థే తేల్చేసింది, వాడా సరేనంది. ఒక్కరికీ నిషేధం లేదు. 2024 ఏప్రిల్‌లో పత్రికలు బయటపెట్టేదాకా లోకానికి తెలియనే లేదు. ఆ తర్వాత విచారణకు పెట్టిన స్విట్జర్లాండ్ మాజీ ప్రాసిక్యూటర్ కూడా వాడా నిర్ణయం సమంజసమే అన్నాడు.

చైనా ఈతగాడు సున్ యాంగ్ సంగతి అందరికీ తెలుసు. 2018లో డోపింగ్ పరీక్షకు ఇంటికి వచ్చిన వాళ్లు తీసిన రక్తం శాంపిల్ పెట్టెను సుత్తితో పగలగొట్టించారు. ముందు 8 ఏళ్లన్నారు. తీర్పు చెప్పిన వాళ్లలో ఒకాయన పాత ట్వీట్లు బయటపడి కేసు మళ్లీ మొదటికొచ్చింది, చివరికి 4 ఏళ్ల 3 నెలలతో సరిపెట్టారు. పెద్ద లాయరు ఉంటే ఒక న్యాయం, లేకపోతే ఇంకో న్యాయం. అక్కా, మీ ఆయన చెప్పినట్టు మన తిరుపతి పిల్ల దగ్గు మందు కోసం ఢిల్లీ నుంచి ఎవరూ రారు.

చిత్తూరు మందుల షాపు

తమ్ముడూ, నువ్వు చెప్పిన ట్రైమెటాజిడిన్ నేను రోజూ అమ్మే మాత్ర. గుండెనొప్పి ఉన్న పెద్దవాళ్లు నెలకు సరిపడా పట్టుకెళ్తారు. తాతగారి మాత్రల డబ్బా, పిల్ల విటమిన్ల డబ్బా ఒకే అల్మారాలో పెట్టే ఇళ్లు మన దగ్గర ఎన్ని లేవు? ఆ 23 మందికి దేశం మొత్తం వెనక నిలబడింది. ఈవిడ వెనక ఎవరు నిలబడతారు? నువ్వు చెప్పిన కథ నిజమే, కానీ అది ఈవిడ మరింత జాగ్రత్తగా ఉండడానికే కారణమవుతుంది.

గట్టు మీది జడ్జి

అమ్మా, నేను పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను. జిల్లా పోటీల్లో స్ట్రోక్ జడ్జిగా, అంటే ఈత తీరు నిబంధన ప్రకారం ఉందో లేదో చూసేవాడిగా గట్టు మీద చాలా కాలం నిలబడ్డాను. మందుల గురించి పైన సార్ చెప్పినదానికి నేను కలిపేది ఏమీ లేదు. పరీక్ష ఎలా ఉంటుందో చెప్తాను.

జిల్లా పోటీల్లో నాడా వాళ్లను నేను చూడలేదు. జాతీయ పోటీలకు, ఖేలో ఇండియాకు వస్తారు. మైనర్లు పట్టుబడడం మన దేశంలో కొత్తేమీ కాదు. పరీక్ష తప్పించుకుని పారిపోతే పట్టుబడిన దానికంటే తక్కువ నేరమేమీ కాదు, దానికీ నిషేధమే. పిల్ల పేరు పిలిస్తే మీరో, మీరు నమ్మిన పెద్దవాళ్లో వెంట ఉండవచ్చు. ఆ హక్కు వదులుకోకండి. సీలు వేసిన కిట్లు కొన్ని ముందు పెడతారు, అందులోంచి పిల్లే ఒకటి ఎంచుకోవాలి. కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం ఇవ్వాలి, దాన్ని ఏ, బీ అని రెండు సీసాల్లో పోసి మూత బిగిస్తారు. ఫారంలో గత 7 రోజుల్లో వాడిన మందులన్నీ రాయమంటారు. సిరప్ పేరు, ఇన్‌హేలర్ పేరు, చివరికి పారాసెటమాల్ కూడా రాయించండి. రాసినంత మాత్రాన గండం గడిచినట్టు అనుకోవద్దు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో రిక్ డెమాంట్ అనే 16 ఏళ్ల అమెరికా కుర్రాడు 400 మీటర్ల ఫ్రీస్టైల్‌లో స్వర్ణం గెలిచాడు. ఉబ్బసానికి వాడే మందులో ఎఫెడ్రిన్ ఉందని ఆ పతకం వెనక్కి తీసుకున్నారు. తాను వాడే మందు పేరు అతను ముందే ఫారంలో రాశాడు. జట్టు వైద్యులే దాన్ని పట్టించుకోలేదు. నష్టం పిల్లవాడిది.

పదిహేనేళ్ల పిల్లకు శిక్ష ఉంటుందా అని అడిగారు. ఉంటుంది, కానీ పెద్దవాళ్లకు వేసినట్టు వేయరు. 16 ఏళ్ల లోపు వాళ్లను రక్షిత వ్యక్తులుగా చూస్తారు. వాళ్ల తప్పు పెద్దది కాదని తేలితే మందలింపుతో మొదలై గరిష్ఠంగా 2 ఏళ్ల నిషేధం దాకా ఉండవచ్చు. పేరు తప్పనిసరిగా బయటపెట్టాలన్న నియమమూ వాళ్లకు లేదు. అయితే శరీరంలోకి ఎలా చేరినా బాధ్యత క్రీడాకారులదే అన్నది పిల్లలకైనా మారదు. కోచ్ ఇచ్చాడు, నాకు తెలియదు అంటే కేసు కొట్టేయరు, శిక్ష తగ్గవచ్చు, అంతే.

"విటమిన్లేనమ్మా" అన్న మాట చదవగానే నాకు ఒళ్లు మండింది. తూర్పు జర్మనీలో పన్నెండు, పదమూడేళ్ల ఈత పిల్లలకు నీలం మాత్రలు మింగించింది ఆ పేరు చెప్పే. అవి విటమిన్లు కావు, ఓరల్ టూరినబోల్ అనే మగ హార్మోను మాత్రలు. 1976 మాంట్రియల్‌లో మహిళల ఈతలో ఉన్న 13 స్వర్ణాల్లో 11 వాళ్లకే వచ్చాయి. ఇదేమిటి అని నోరు తెరిచి అడిగిన అమెరికా అమ్మాయి షిర్లీ బాబాషాఫ్‌ను ఓర్వలేనితనమని పత్రికలు వెక్కిరించాయి. బెర్లిన్ గోడ కూలాక కాగితాలు బయటపడ్డాయి, 2000లో అక్కడి క్రీడల పెద్ద మాన్‌ఫ్రెడ్ ఇవాల్డ్‌కు కోర్టు శిక్ష వేసింది. అప్పటికి ఆ పిల్లలు నడివయసు స్త్రీలు, ఒంటినిండా జబ్బులు. మీ కోచ్ అలాంటివాడని నేను అనడం లేదు. బహుశా ఏ జిమ్ము వాడో కమీషన్ ఆశ చూపి అంటగట్టిన చవక పొడి అయ్యుండవచ్చు. అయినా లేబుల్ ఎందుకు చింపారో ఆయనే చెప్పాలి.

వయసు సంగతి నన్నడిగితే ఇదే అన్నిటికంటే చెడ్డది. మందు పొరపాటున ఒంట్లోకి పోవచ్చు, పుట్టిన తేదీ పొరపాటున మారదు. అనుమానం వస్తే ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదల చూస్తారు. పట్టుబడితే పిల్లవాడు పోటీలకు దూరం, సర్టిఫికెట్ కేసు తండ్రి మెడకు. పట్టుబడకపోతే ఇంకా దారుణం. పద్నాలుగేళ్ల వాడి భుజాలతో పన్నెండేళ్ల వాళ్లను ఓడించి గొప్పవాడిననుకుంటాడు, పెద్ద గ్రూపులోకి రాగానే ఆ భ్రమ కూలి ఈతే మానేస్తాడు. అలాంటి పిల్లలు ఎంతమందో నా కళ్లముందే మాయమైపోయారు. ఓడిపోయిన చిన్నపిల్లల లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

ఒకటి మాత్రం మీ పిల్లకు నా మాటగా చెప్పండి. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో డిస్‌క్వాలిఫై అయ్యేవాళ్లు మందుల వల్ల కాదు, చేతుల వల్ల అవుతారు. మలుపు దగ్గరా ముగింపులోనూ రెండు చేతులూ ఒకేసారి గోడను తాకాలి. అలసిపోయినప్పుడు ఒక చెయ్యి ముందు తగులుతుంది, జడ్జి చెయ్యి పైకి లేస్తుంది. గోడను తోసుకున్నాక నీళ్లలో ఒకే ఒక్క డాల్ఫిన్ కిక్‌కు, అంటే రెండు కాళ్లూ కలిపి చేపతోకలా కొట్టడానికి అనుమతి. 2012 లండన్‌లో 100 మీటర్ల విజేత, దక్షిణాఫ్రికా ఈతగాడు కామెరాన్ వాన్ డెర్ బర్గ్ ఒకటికి మించి కొట్టానని తర్వాత తానే చెప్పాడు, అందరూ చేస్తున్నారు కాబట్టి చేశానన్నాడు. అప్పటి ప్రపంచ రికార్డు 58.46 సెకన్లనూ, పతకాన్నీ ఎవరూ వెనక్కి తీసుకోలేదు. నీళ్ల అడుగున తీసిన వీడియో చూసే పద్ధతి అప్పుడు లేదు. మీ పిల్ల ఈదే చోట కూడా ఉండదు. గట్టు మీద నాలాంటి ముసలివాడి కళ్లు ఉంటాయి, అంతే. ఆ కళ్లు చూడవని పందెం కాయమనే తల్లిదండ్రులను నేను చాలామందిని చూశాను.

బైరాగిపట్టెడ తల్లి

అందరికీ నమస్కారాలు. సిరప్ సీసా తిప్పి చూశాను. టెర్బుటలిన్ ఉంది, 5 మిల్లీలీటర్లకు 1.25 మిల్లీగ్రాములని రాసి ఉంది. భూతద్దం పెట్టాల్సి వచ్చింది, సూదిలో దారం ఎక్కించే కళ్లకే అంత కష్టమైతే మిగతావాళ్లు ఎలా చదువుతారో. డాక్టరు గారు విసుక్కోలేదు. పిల్ల ఈతకు వెళ్తుందని ముందే చెప్పాల్సిందన్నారు, వేరే సిరప్, ఒక ఇన్‌హేలర్ రాశారు.

పొడి డబ్బా కోచ్ గారికి తిరిగి ఇచ్చేశాను. లేబుల్ ఉన్న డబ్బా, కొన్న బిల్లు చూపిస్తే తీసుకుంటానన్నాను. "నా మీద నమ్మకం లేకపోతే ఎలా?" అన్నారు. నమ్మకం ఉంది సార్, కాగితమే లేదు అన్నాను. ఆ రోజు నుంచి మా అమ్మాయిని చివరి లేన్‌కు మార్చారు. అక్కడ గోడ పక్కన అల ఎక్కువట, ఈదడం కష్టమట. పిల్ల ఇంటికొచ్చి ఏడ్చింది. నాకూ బాధగానే ఉంది. అయినా ఆ డబ్బా మాత్రం మళ్లీ ఇంట్లోకి రానివ్వను. ఇంకో ఇద్దరు తల్లులు కూడా తమ డబ్బాలు చూసుకున్నారు, వాళ్లవీ అంతే, లేబుల్ లేదు. రేపు ముగ్గురం కలిసి వెళ్లి అడుగుతాం. వయసు సర్టిఫికెట్ పెద్దమనిషి ఇప్పుడు నాకు దూరంగా, నీడ ఉన్న మెట్టు మీద కూర్చుంటున్నారు.

జడ్జి సార్, మీ మాట పిల్లకు చెప్పాను. ఇంట్లో గోడకు రెండు చేతులూ ఒకేసారి కొట్టి చూపిస్తోంది, సున్నం రాలుతోంది.

ఒక్క సందేహం మిగిలింది. ఇన్‌హేలర్‌కు కూడా ఆ టీయూఈ తీసుకోవాలా?

చిత్తూరు మందుల షాపు

సాల్బుటమాల్ ఒక్కటే ఉండి, నేను రాసిన హద్దు లోపల వాడితే అక్కర్లేదు. ఇన్‌హేలర్ పెట్టె మీద ఇంకో మందు పేరు ఉంటే అది ఇక్కడ రాయండి, చూసి చెప్తాను. కొత్త సిరప్‌లో ఏముందో కూడా రాయండి. చీటీ పారేయకండి, ఫోనులో ఫొటో తీసి, అసలు కాగితం పిల్ల ఈత సంచిలో ప్లాస్టిక్ కవర్‌లో పెట్టండి.